మొదటిసారి పడ్డప్పుడే అడగాలి

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దావిడ ఎవరైనా పోయారని పరామర్శకు వెళ్తే తరచుగా వినిపించే మాట ఇది: "వాకిట్ల జారి పడ్డది, తుంటి ఇరిగింది, మంచం పట్టింది, నాలుగు నెలలకు పోయింది." విన్నవాళ్లు తలూపుతారు, వయసు మీదపడింది కదా అంటారు. మరణానికి కారణం రాసే కాగితం ఉంటే అందులో వృద్ధాప్యమనే రాస్తారు. ఆమె ప్రాణం తీసింది వాకిట్లో పాకురు పట్టిన బండ కావచ్చు, నిద్ర కోసం మింగిన గోళీ కావచ్చు, ఏడాది కిందే తీయించాల్సిన కంటి శుక్లం కావచ్చు. ఆ మాట ఎక్కడా నమోదు కాదు. ఆ రోజుకు ముందు ఆమె ఒకటి రెండుసార్లు పడి, దులుపుకుని లేచిన సంగతి ఇంట్లోవాళ్లకే తెలియకపోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ చావుల్లో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్యస్థ ఆదాయాల దేశాల్లోనే జరుగుతున్నాయి. 65 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ఏడూ 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒకసారి పడుతున్నారని అదే సంస్థ చెబుతోంది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్లు మించారు. రోడ్డు మీద మనిషి పడితే పోలీసులు వస్తారు, కేసు రాస్తారు, ఆ మలుపు దగ్గర హెచ్చరిక బోర్డయినా పెడతారు. ఇంట్లో పడ్డ మనిషికి ఏ కాగితమూ ఉండదు. అదే బండ మీద అదే మనిషి మళ్లీ పడుతుంది.

ఈ ముప్పు అన్ని చోట్లా ఉన్నదే అయినా, కొల్లాపూర్ ఉన్న పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, దానికి తోడైనవి కొన్ని ఉన్నాయి. మొదటిది వలస. ముంబయి, పుణె, హైదరాబాదు నగరాల్లో కట్టిన మేడలకు, రోడ్లకు పాలమూరు కూలీలు తరాలుగా చెమట ధారపోశారు. వయసున్నవాళ్లు పనికి వెళ్తే ఇంటి దగ్గర మిగిలేది అవ్వ, తాత, బడికి పోయే మనవలు. కొల్లాపూర్ ప్రాంతంలో ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లలో శ్రీశైలం ప్రాజెక్టు ముంపుతో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 1981లో కృష్ణ ఒడ్డున ఇళ్లు కూల్చి ఖాళీ చేయించినప్పుడు వాళ్లు సంసారాలు మోస్తున్న వయసులో ఉన్నారు. ఉన్న పొలం పోయి, కొత్తచోట కూలినాలి చేసి పిల్లల్ని పెంచిన తరం అది. వాళ్లు ఇప్పటికీ ఖాళీగా కూర్చోరు. మేకలు కాస్తారు, పత్తి ఏరుతారు, మామిడి తోటల్లో కావలి ఉంటారు. పడే అవకాశమున్న చోట్లన్నిటికీ ఒంటరిగా వెళ్తారు. పడితే లేపే చేయి పక్కన ఉండదు. తుంటి విరిగి గంటల తరబడి నేల మీదే ఉండిపోయిన మనిషికి విరిగిన ఎముకతో పాటు ఒంట్లో నీరు తగ్గడం, ఒత్తిడి పుండ్లు, కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతినడం కూడా తోడవుతాయి.

రెండోది ఎముక. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎన్నో ఊళ్లు తరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగాయి. ఆ నీళ్లు ఎముకను చూపుకు గట్టిగా చేసి, లోపల పెళుసుగా మారుస్తాయి. వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. పక్కనుంచి వచ్చే బండిని తల తిప్పి చూడలేని మనిషి, కాలు తడబడ్డప్పుడు ఒళ్లు సర్దుకోలేని మనిషి పడక ఏం చేస్తుంది? మిషన్ భగీరథ కింద కొల్లాపూర్ మండలం ఎల్లూరు దగ్గర కృష్ణ నీళ్లు తీసుకుని జిల్లాల మీదుగా పంపుతున్నారు. పిల్లలకు అది వరమే. కానీ ముప్పై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఒంట్లో చేరిన ఫ్లోరైడును ఇవాళ్టి మంచినీళ్లు కడిగేయలేవు.

ఫ్లోరైడు లేని ఊళ్లలోనూ ఎముక బలంగా ఉందనుకోవడానికి లేదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం మన ప్రాంతపు ఆరోగ్యవంతుల్లోనే, పల్లెల్లో కూడా, డి విటమిను లోపం విస్తారంగా ఉందనీ, తిండిలో కాల్షియం బాగా తక్కువనీ తేల్చింది. ఎండకు కొదవలేని నేల మీద ఇది నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. ఒకప్పుడు పాలమూరు ఇంట్లో జొన్నరొట్టె, తైద అంబలి రోజువారీ తిండి. 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా దాటదు. పళ్లూడిన అవ్వకు రొట్టె నమలడం కష్టమై, మూడు పూటలా మెత్తటి బియ్యపు బువ్వ, చారు మిగిలాయి. గుడ్డు, పప్పు, పెరుగు ముందు పిల్లల పళ్లెంలోకి పోతాయి. కండ కరిగిపోతుంది. దానికి తోడు కీళ్లనొప్పులు తగ్గాలని నెలల తరబడి స్టెరాయిడ్ గోళీలు మింగినవాళ్ల ఎముక మరింత గుల్లబారుతుంది. మోకాలినొప్పికి "బాగా పనిచేసే" చిన్న తెల్లగోళీ ఏమిటో ఇంట్లో చదువుకున్నవాళ్లు ఒక్కసారి పేరు చదివి చూడాలి.

మూడోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పనిది. నిద్రమందు. ఈ జిల్లాల్లో అది రెండు దారుల్లో పెద్దవాళ్ల ఒంట్లోకి పోతోంది. ఒకటి మందుల దుకాణం. నిద్రకు వాడే అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. రెండోది కల్లు. పాలమూరులో సాయంత్రం సీసా కల్లు తాగడం ఎందరో ముసలివాళ్లకు జీవితకాలపు అలవాటు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. చెట్టెక్కి గీసి అమ్ముకునే గీత కార్మికుడి తప్పు ఇందులో లేదు. తాటిచెట్లు తగ్గి, గిరాకీ తగ్గనప్పుడు డయాజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు కల్లు పేరుతో వచ్చాయి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద దాడులు పెంచినప్పుడు, మందు ఒక్కసారిగా ఆగిపోవడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఆస్పత్రులకు చేరారు. ఏళ్ల తరబడి ఎంత మందు వాళ్ల ఒంట్లోకి పోయిందో ఆ రోజుల్లో లోకానికి తెలిసింది.

అదే మందు అరవై దాటినవాళ్లను రాత్రిపూట నేల కూలుస్తోంది. ఈ జాతి మందులు వేసుకునే వృద్ధుల్లో పడిపోవడం, తుంటి విరగడం ఎక్కువని ప్రపంచమంతటా రుజువైంది. నడిరాత్రి మూత్రానికి లేచినప్పుడు తల దిమ్ముగా ఉంటుంది, కాలు ఎక్కడ పడుతోందో తెలియదు. "కల్లు తాగి పడ్డడు" అని నవ్వి ఊరుకునే ముందు ఆ సీసాలో ఏముందో అడగాల్సిన బాధ్యత ఎక్సైజ్ శాఖది. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోవాలి: ఏళ్లుగా అలవాటున్న మనిషికి కల్లయినా, నిద్రగోళీ అయినా ఇంట్లోవాళ్లు కోపంతో ఒక్కరోజులో ఆపించకూడదు. 2015లో జరిగింది అదే. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

బీపీ గోళీల సంగతీ ఇక్కడే చెప్పాలి. అవి మానకూడదు. కానీ చాలామంది పెద్దవాళ్లకు కూర్చోబెట్టే బీపీ చూస్తారు. పడుకున్న మనిషి లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పాయింట్లో అంతకన్నా ఎక్కువో పడిపోతే, మంచం దిగగానే కండ్లు తిరుగుతాయి. మందు మోతాదో, వేళో మార్చాల్సి వస్తుంది. నిలబెట్టి ఇంకోసారి చూడటానికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. మే నెల ఎండల్లో నీళ్లు తక్కువ తాగి, మూత్రం ఎక్కువయ్యే బీపీ గోళీ వేసుకున్నవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

కంటి విషయంలో తెలంగాణ కొంత మేలు చేసింది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో మొదలైన రెండో విడత ఊరూరా తిరిగి లక్షలమందికి కళ్లద్దాలిచ్చాయి. నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో ఎల్.వి.ప్రసాద్ సంస్థ కంటి కేంద్రం ఉంది. అయినా "పూర్తిగ ముదరనీ, అప్పుడు తీపిద్దాం" అని శుక్లాన్ని వాయిదా వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక కంటికి శుక్లం తొందరగా తీయించుకున్న డెబ్బై దాటిన స్త్రీలు, ఆపరేషను కోసం ఎదురుచూస్తున్నవాళ్ల కన్నా మూడో వంతు తక్కువసార్లు పడ్డారని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో చేసిన పరీక్ష చూపించింది. దగ్గరికీ దూరానికీ ఒకే అద్దమున్న కళ్లజోడుతో మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తే మెట్టు మసకగా కనిపిస్తుంది. అద్దాలిచ్చేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలి.

ఇక ఇల్లు. ఎత్తు కడప, దాని అవతల మెట్టు, మెట్టు కింద వానకు తడిసిన షాబాదు బండ. వాకిట్లో ఓ మూల స్నానాల చోటు, నీళ్లు నిలిచి పాకురు పట్టి ఉంటుంది. పొద్దు పొడవకముందే సాన్పి చల్లడానికి వంగే అలవాటు. కొత్తగా కట్టిన ఇంట్లోనైతే అద్దంలా మెరిసే టైల్స్. కొడుకు పంపిన డబ్బుతో ఎంతో ప్రేమగా వేయించిన ఆ నున్నటి నేల మీద తడికాలితో నడవడం తల్లికి గండం. మరుగుదొడ్డి ఇంటింటికీ వచ్చింది, మంచిదే. కానీ చాలాచోట్ల అది రెండు మూడు మెట్లు ఎక్కాల్సిన ఎత్తులో ఉంటుంది. లోపల గొంతుకూర్చునే గుంట, లేవడానికి పట్టుకునే కడ్డీ ఉండదు, బల్బు వెలగదు. గోడకు రెండు ఇనుప పైపులు బిగించడానికి వెల్డింగు షాపువాడు తీసుకునే డబ్బు తుంటి ఆపరేషను ఖర్చులో లెక్కకు కూడా రాదు. పడే ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్ల ఇళ్లలో ఇలాంటి చిన్న మార్పులు చేస్తే పడటాలు 38 శాతం దాకా తగ్గుతాయని 2023లో కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది.

ఇంటి బయట కోతులు. పట్నంలో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయమనిపిస్తుంది. కొల్లాపూర్ వైపు ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయల కోసం మంద దిగితే, కర్ర పట్టుకుని ముందు మెట్లెక్కేది ఇంటి దగ్గరున్న అవ్వే. కోతి మీదికి ఉరికితే వెనక్కి అడుగేస్తుంది, పిట్టగోడ ఉండదు. వీధిలోకి వస్తే మూత లేని మోరీలు, ఇంటి ముందు మోరీ మీద ఊగే బండ, వెలగని వీధిదీపం. కొల్లాపూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. మోరీల మీద కదలని మూతలు వేయించడం, పెద్దవాళ్లు ఎక్కువ నడిచే దారుల్లో దీపాలు వెలిగేలా చూడటం మున్సిపాలిటీ చేతిలో పనులే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి పెద్దావిడలు బాగా తిరుగుతున్నారు, సంతోషం. ఎక్కేవాళ్లు కూర్చునేదాకా డ్రైవరు ఒక్క నిమిషం ఆగితే ఆ సంతోషం నిలుస్తుంది.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది మౌనం. పెద్దవాళ్లు పడ్డ సంగతి చెప్పరు. చెబితే కొడుకు కోప్పడతాడు, చేనికి పోవద్దంటాడు, పట్నం తీసుకుపోయి నాలుగు గోడల మధ్య కూర్చోబెడతాడు. కోడలికి భారమైపోతామని భయం, ఆస్పత్రి ఖర్చంటే ఇంకా భయం. మోచేతి మీద కమిలిన మచ్చ ఏమిటంటే తలుపు తగిలిందంటారు. ఫోనులో "మంచిగున్న నాయినా" అంటారు. పడ్డాక బయటికి వెళ్లడం తగ్గిస్తారు, నడక తగ్గేసరికి కాళ్లు మరింత బలహీనపడతాయి, తర్వాతిసారి మరింత గట్టిగా పడతారు. గడిచిన ఏడాదిలో ఒకసారి పడిన మనిషి మళ్లీ పడే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువన్నది వైద్యులందరూ ఒప్పుకునే విషయం. అంటే చిన్న దెబ్బతో బయటపడ్డ ఆ మొదటిసారే మనకు దొరికే అవకాశం. అది పోతే తర్వాత మిగిలేది ఆపరేషను బల్లే.

అడిగేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ముప్పై దాటిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి బీపీ, షుగర్, క్యాన్సర్ ముప్పు తెలుసుకోవడానికి ఆశ కార్యకర్తలు నింపే కాగితంలో అరవై దాటినవాళ్లకు విడిగా ప్రశ్నలున్నాయి. నిలబడ్డప్పుడు గానీ నడిచేటప్పుడు గానీ తూలినట్టుంటోందా అన్నది వాటిలో ఒకటి. ప్రశ్న మంచిదే. అవును అన్న జవాబు ఎక్కడికి పోతోంది? ఎవరు ఆ అవ్వను మళ్లీ చూస్తున్నారు? వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి పెద్దవాళ్ల క్లినిక్, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండుసార్లు క్లినిక్, ఫిజియోథెరపీ, జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు ఉండాలని దాని మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. జిల్లాలోని ఏ కేంద్రంలో ఏ వారం ఈ క్లినిక్ నడిచిందో, ఎందరు వచ్చారో అధికారులు బోర్డు మీద రాసి పెట్టాలి.

పరీక్ష కూడా కష్టమైనది కాదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే ముప్పున్నట్టు లెక్క. అంగన్‌వాడీ వరండాలో, ఫోనులో గడియారం పెట్టుకుని ఆశ కార్యకర్తే చేయగలదు. ముప్పున్నట్టు తేలినవాళ్లకు కాళ్ల బలం పెంచే వ్యాయామం నేర్పాలి. న్యూజిలాండులోని ఒటాగోలో రూపొందించి, ఫిజియోథెరపిస్టులు, నర్సులు ఇంటికి వెళ్లి నేర్పిన తేలికపాటి వ్యాయామాలతో పడటాలు 35 శాతం తగ్గాయి. 2019 నాటి కాక్రేన్ సమీక్ష ప్రపంచవ్యాప్త పరీక్షలన్నీ కలిపి చూసి వ్యాయామంతో 23 శాతం తగ్గుదల ఉందని చెప్పింది. గోడ పట్టుకుని మడమలెత్తడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం ఒటాగో వ్యాయామాల్లో ఉన్నవి. మహిళా సంఘాల సమావేశం జరిగే చోట వారానికి రెండు రోజులు ఇవి చేయించవచ్చు. పక్కన మనిషి ఉండాలి, పట్టుకోవడానికి గోడ ఉండాలి.

పడ్డాక ఏం చేయాలన్నదీ ఊళ్లకు తెలియాలి. గబుక్కున చంకల్లో చేతులేసి లేపకూడదు. ఎక్కడ నొప్పో అడగాలి. కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోవాలి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబరిచే గోళీలు వేసుకునేవాళ్లయితే బయటికి గాయం లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి. మన దగ్గర ఇంకో ఆలస్యం ఉంది. ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చేతి ఎముకకు కట్టు కట్టించుకుని బాగుపడినవాళ్ల అనుభవాన్ని కాదనే అవసరం లేదు. ముసలివాళ్ల తుంటి విషయంలో మాత్రం కట్టు కోసం పోగొట్టిన రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. ఆ ఎముకకు ఆపరేషను వీలైనంతవరకు 48 గంటల్లోపు జరగాలన్నది వైద్యుల మాట. మనిషిని తొందరగా కూర్చోబెట్టి నడిపించకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి నరాల్లో రక్తపు గడ్డలు, వీపు మీద పుండ్లు వస్తాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది లోపు చనిపోయేవాళ్లు అయిదుగురిలో ఒకరికి తక్కువ ఉండరని ఎన్నో దేశాల అనుభవం. కొల్లాపూర్ నుంచి హైదరాబాదు దాదాపు 180 కిలోమీటర్లు. ఆ దారిలో, కుటుంబంలో ఎవరు వెంట ఉండాలో తేల్చుకోవడంలో, ఆరోగ్యశ్రీ అనుమతిలో గంటలు కరిగిపోతాయి. తుంటి ఆపరేషను నాగర్‌కర్నూల్‌లోనే వారంలో అన్ని రోజులూ జరిగేలా చూడటం ప్రభుత్వ బాధ్యత.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. విరిగిన ఎముకకు ప్రభుత్వం డబ్బు కడుతుంది. విరగకుండా చూసే కడ్డీకి, చేతికర్రకు, ఫిజియోథెరపిస్టుకు కూడా బడ్జెట్టులో చోటుండాలి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. సోమశిల రేవులో పుణ్యస్నానాలకు వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. తడి మెట్ల మీద గరుకు రాయి, ప్రతి వరుసకూ పట్టుకునే కడ్డీ ఇప్పటినుంచే అంచనాల్లో రాయకపోతే చివరి నెల హడావుడిలో సున్నం పూతలే మిగులుతాయి.

వలస వెళ్లిన బిడ్డలు ఫోనులో తిన్నావా, గోళీలేసుకున్నావా అని అడుగుతారు. ఈ నెలలో ఎక్కడైనా పడ్డావా అని కూడా అడగాలి, కోపం లేకుండా అడగాలి. పొలం మానిపించమని, మంచం దిగొద్దని ఒట్లు వేయించకుండా, పడ్డ చోటేదో తెలుసుకుని ఆ చోటును బాగుచేయించాలి. అదే ప్రశ్న ఆశ కార్యకర్త కాగితంలోకీ రావాలి: గడిచిన ఏడాదిలో పడ్డారా, ఎక్కడ, ఎన్నిసార్లు? అవునన్న ప్రతి పేరూ ఉపకేంద్రంలో ఒక పుస్తకంలోకి ఎక్కాలి. నెలలోపు ఆ మనిషిని నిలబెట్టి బీపీ చూడాలి, కళ్లు చూడాలి, మింగే గోళీలన్నీ సంచితో సహా తెప్పించి చూడాలి. దీనికి హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి వచ్చే నెల సమీక్షలో చెబితే కొల్లాపూర్, పెంట్లవెల్లి, కోడేరు మండలాల్లో ఆ పుస్తకం తెరవవచ్చు.